యూనిట్ మూసివేయాలనుకుంటున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

పలాస నుంచి మామయ్య ఆశీస్సులు.

జీడిపప్పు యూనిట్‌ను ఈ సీజన్‌తో ఆపివేయాలనుకుంటున్నట్లు నీవు రాసిన ఉత్తరం చదివాను. వద్దనో సరేననో చెప్పే ముందు, ఏ కారణంతో మానుకుంటున్నావో నీకే స్పష్టంగా తెలియాలని నా కోరిక. మన కాశీబుగ్గలో మూతపడిన యూనిట్లలో పప్పు అమ్ముడుపోక ఆగినవి తక్కువ. అమ్మిన పప్పుకు డబ్బు చేతికి రాక ఆగినవే ఎక్కువ.

మన పని స్వభావమే అటువంటిది. స్థానిక జీడిపిక్కలు, అంటే పెంకు తీయని గింజలు, వేసవి నెలల్లోనే వస్తాయి గనుక ఏడాదికి సరిపడా సరుకును అప్పుడే నగదు పెట్టి కొనాలి. ఉడికించి, కోసి, ఆరబెట్టి, పొట్టు తీసి, గ్రేడ్ చేసిన పప్పును మాత్రం ఏడాది పొడవునా అరువు మీద అమ్మాలి. ఈ మధ్యకాలమంతా అప్పుతోనే గడుస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం తోటలను కూల్చినప్పుడు, చేతిలో పెట్టుబడి ఉన్నవారు ఆఫ్రికా పిక్కలు కొనైనా పని సాగించారు. డబ్బు బయట చిక్కుకున్నవారికి ఆ దారి కూడా లేకపోయింది.

కాబట్టి ముందు ఒక లెక్క వేయి. 80 కిలోల పిక్కల బస్తా ధరకు కూలి, కరెంటు, వడ్డీ కలిపి, ఆ బస్తా నుంచి దిగిన గుండు (విరగని పప్పు), బద్ద (రెండుగా చీలిన పప్పు), ముక్కల విలువతో పోల్చు. నీ శ్రమకు నెల జీతం కూడా ఖర్చులో రాయి. చాలామంది ఇది రాయక, ఇంటి ఖర్చును గల్లాపెట్టె నుంచే తీసుకుంటూ, లాభమో నష్టమో తెలియకుండానే అలసిపోతారు. వరుసగా బస్తా మీదే నష్టం వస్తుంటే మూసివేయడమే మేలు, అందులో చిన్నతనం ఏమీ లేదు.

బస్తా మీద మిగులుతున్నా చేతిలో డబ్బు ఆడకపోతే, సరిచేయవలసినవి వసూళ్లు. ఉద్యమ్ నమోదు (చిన్న పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉన్న చిన్న తయారీదారుకు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, సరుకు కొన్నవారు 45 రోజులలోపు చెల్లించాలని 2006 నాటి చిన్న పరిశ్రమల (ఎంఎస్ఎంఈ) చట్టం చెబుతోంది. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ పడుతుంది. వెంటనే ఫిర్యాదు చేయమనను గానీ, ఆ గడువును ప్రతి బిల్లు మీదా ముద్రించు, పాత బాకీ తీర్చనివారికి కొత్త టిన్నులు పంపకు. బ్యాంకు వాయిదా తప్పి 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది, కనుక ఇప్పుడే మేనేజరును కలిసి పరిస్థితి వివరించు.

తోటను తనఖా పెట్టే ఆలోచన మాత్రం మానుకో. మా అక్కయ్యకు మిగిలిన ఆధారం అదొక్కటే.

అన్నీ చూశాక మూయాలనే నిర్ణయిస్తే, కూలి బకాయిలు ముందుగా తీర్చు. జీఎస్టీ నమోదు రద్దు చేయించి, మూడు నెలల్లోగా చివరి రిటర్ను దాఖలు చేయి. ఆదివారం ఖాతా పుస్తకాలు తీసుకుని ఇంటికి రా, బస్తా లెక్క ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య