రిసెప్టర్ సిగ్నలింగ్‌లో పరిశోధన అంటే జీవితమంతా ఒకే ప్రోటీన్‌తో గడపాలా?

గుంటూరులో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్నానని, న్యూరోసైన్స్‌లో కణం మీద ఉండి బయటి సంకేతాలను అందుకునే రిసెప్టర్ ప్రోటీన్ల మీద పీహెచ్‌డీ చేయాలని ఉందని, కానీ జీవితాంతం ఒక్క ప్రోటీన్‌ని పట్టుకుని వేలాడాలంటే భయంగా ఉందని రాశారు. నాదీ గుంటూరే. మా నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తా. నేను పీహెచ్‌డీ చేసింది టీఆర్‌పీవీ1 మీద. నొప్పిని పసిగట్టే నరాల చివర ఉండి, మిరపకాయలోని క్యాప్సైసిన్ తగలగానే తెరుచుకునే రిసెప్టర్ అది.

దాన్ని పట్టుకున్న అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ ఎలా మొదలయ్యారో చూడండి. బర్క్‌లీలో ఆయన పీహెచ్‌డీ ఈస్ట్ మీద. తర్వాత కొలంబియాలో రిచర్డ్ ఆక్సెల్ ల్యాబ్‌లో చేరి, 1988లో నరాల మధ్య సందేశాలు మోసే సెరొటోనిన్ అనే రసాయనానికి చెందిన ఒక రిసెప్టర్ జన్యువును వెలికితీశారు. ప్రోటీన్ ఎలా ఉంటుందో తెలియకపోయినా జన్యువును పట్టే కిటుకు ఒకటుంది: అది ఉన్న కణజాలం నుంచి జన్యువుల ప్రతులు తీసి, అది లేని కణాల్లోకి ఎక్కించి, ఏవి స్పందిస్తాయో చూడటం. శాన్‌ఫ్రాన్సిస్కోలో సొంత ల్యాబ్ పెట్టుకున్నాక అదే కిటుకును కారం మీద ప్రయోగించారు. ఎలుక నొప్పి నరాల నుంచి తీసిన ప్రతులను గుంపులు గుంపులుగా చేసి, కారానికి చలించని కణాల్లో పెట్టి, పైన క్యాప్సైసిన్ పోశారు. ఒక గుంపు స్పందించింది. దాన్ని చీలుస్తూ పోతే చివరికి ఒక్క జన్యువు మిగిలింది. 1997లో పేపర్ వచ్చింది, మొదటి రచయిత మైకేల్ కేటరీనా. 2021లో జూలియస్‌కి నోబెల్.

ఈస్ట్, సెరొటోనిన్, మిరప... ఆయన ఒక ప్రోటీన్‌కి కట్టుబడింది ఎక్కడ? చేతిలో పద్ధతి ఉంది, దానికి తగ్గ ప్రశ్న వెతుక్కున్నారు. నా సలహా కూడా అదే. రిసెప్టర్ పేరు చూసి ల్యాబ్‌లో చేరకండి, అక్కడ చేతికి ఏ పని వస్తుందో చూసి చేరండి.

పైగా ఒక్క రిసెప్టర్‌లోనే బోలెడంత ఉంటుంది. టీఆర్‌పీవీ1 దాదాపు 43 డిగ్రీల వేడికి కూడా తెరుచుకుంటుంది. అందుకే పచ్చిమిరపకాయ కొరికితే, ఒళ్లు వేడెక్కకపోయినా చెమట పడుతుంది. పక్షుల్లోని ఇదే రిసెప్టర్‌కి క్యాప్సైసిన్ పట్టదు, కాబట్టి చిలక మిరపకాయను జామపండులా తినేస్తుంది. దెబ్బ తగిలి వాచిన చోట బ్రాడికైనిన్ లాంటి రసాయనాలు ఊరుతాయి. అవి వేరే రిసెప్టర్లకు అతుక్కుని, కణం లోపల కైనేజులనే ఎంజైములను లేపి, టీఆర్‌పీవీ1 తెరుచుకునే ఉష్ణోగ్రతను కిందికి దించేస్తాయి. ఇక గోరువెచ్చని నీళ్లు పోసినా చురుక్కుమంటుంది. సిగ్నలింగ్ అంటే ఇదే, నాకు నచ్చిందీ ఇదే. నొప్పి తగ్గించడానికి ఈ రిసెప్టర్‌ని మూసే మందులు తయారు చేస్తే, ట్రయల్స్‌లో కొందరికి జ్వరం వచ్చినట్టు ఒళ్లు కాలిపోయింది. నొప్పి కోసం మూసినదానికి ఒంటి వేడిని సర్దే పని కూడా ఉందని అలా బయటపడింది.

రోజువారీ పని సంగతి. చీకటి గదిలో మైక్రోస్కోప్ ముందు కూర్చుని, ఫ్యూరా-2 అనే రంగు ఎక్కించిన కణాల మీద క్యాప్సైసిన్ వదిలితే, తెర మీద నీలంగా ఉన్నవి ఒక్కొక్కటే పచ్చగా, ఎర్రగా మారతాయి. లోపలికి కాల్షియం దూకుతోందన్నమాట. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాలేదు. విసుగంతా ఆ ముందు పనిలో, అంటే కణాలను బతికించుకోవడంలో. కణాలకు మేతగా పోసే గులాబీ రంగు మీడియా పసుపుకు తిరిగిందంటే సంక్రాంతి అయినా సరే మార్చాల్సిందే. పాడి గేదెను వదిలి ఊరెళ్లలేని రైతు పరిస్థితే మనదీ. క్యాప్సైసిన్ పొడి తూచే పని మాత్రం "గుంటూరువాళ్లకి అలవాటేగా" అని ఎప్పుడూ నాకే అంటగట్టేవాళ్లు. మిర్చి టిక్కీల (బస్తాల) మధ్య పెరిగినా దగ్గు దగ్గే, మాస్కు లేకుండా ఆ సీసా మూత తీయలేం.

డబ్బుల టెన్షన్ ఉంటే సీఎస్‌ఐఆర్ నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) కొట్టండి. 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. దూరం వెళ్లడం ఇష్టం లేకపోతే హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఉంది. సెరొటోనిన్ 1ఏ రిసెప్టర్ పనితీరును కణపొరలోని కొలెస్టరాల్ ఎలా మారుస్తుందో అక్కడ ఏళ్ల తరబడి చూశారు.

ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు గైడ్‌తో మాత్రమే మాట్లాడి వచ్చేయకండి. ఆ ల్యాబ్‌లో మూడో ఏడాదిలో ఉన్నవాళ్లను టీకి తీసుకెళ్లి, ఆదివారం కణాలు ఎవరు చూస్తారు, మైక్రోస్కోప్ పాడైతే ఎన్నాళ్లు ఆగాలి అని అడగండి. ఆ రెండిటికీ వచ్చే జవాబులను బట్టే అక్కడ చేరాలో వద్దో తేల్చుకోండి.