మనసు పెడితే బీపీ మాత్ర మానేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 58. ఆరేళ్లుగా బీపీకి టెల్మిసార్టాన్ 40 వేసుకుంటున్నాను. అమెరికాలో మా అమ్మాయి దగ్గరున్న నాలుగు నెలలూ పార్కులో చైనా పెద్దవాళ్లతో కలిసి చీగాంగ్ (ఊపిరి మీద ధ్యాస పెట్టి నిదానంగా చేసే చైనా వ్యాయామం) చేశాను. మెడనొప్పి తగ్గింది, నిద్ర పడుతోంది. బీపీ 128/80 ఉంటోంది. మనసు ఎక్కడ నిలిపితే ప్రాణశక్తి అక్కడికి చేరి జబ్బు దానంతటదే నయమవుతుందని నేర్పినావిడ చెప్పింది. ఇంక మాత్ర మానేయనా?
- ఓ పాఠకురాలు, హనుమకొండ

సలహా: మాత్ర మానకండమ్మా. చీగాంగ్ కూడా మానకండి. ఆ 128 మాత్ర వేసుకుంటుంటే వచ్చిన అంకె.

ఆవిడ చెప్పింది చైనాలో పాత మాటే. ప్రాణశక్తిని వాళ్లు 'చీ' అంటారు, సంకల్పాన్ని 'యి' అంటారు. యి ముందు నడిస్తే చీ వెనకే వస్తుందని వాళ్ల లెక్క. కోపం కాలేయాన్ని, భయం మూత్రపిండాలను దెబ్బతీస్తాయని రెండు వేల ఏళ్ల నాటి వాళ్ల వైద్య గ్రంథంలోనే ఉంది. బొడ్డు కింద మూడు వేళ్ల దూరాన మనసు నిలపమని మీకూ చెప్పే ఉంటారు.

చీని ఇంతవరకూ ఎవరూ కొలిచి చూపించలేదు. కానీ అక్కడ మనసు పెట్టి నిలబడితే ఊపిరి ఛాతీలోంచి పొట్టలోకి దిగుతుంది, నిదానిస్తుంది. చెవుల దాకా లేచిన భుజాలు కిందికి జారతాయి. మీ మెడకు దొరికిన సుఖం చాలావరకు అదే.

నమ్మకానికీ బలముంది. జర్మనీలో 1,162 మంది నడుంనొప్పి రోగులతో చేసిన పరిశోధన ఫలితాలు 2007లో వచ్చాయి. ఆక్యుపంక్చర్ సూదులు ఆ చైనా వైద్యం చెప్పిన చోట గుచ్చితే 47.6 శాతం మందికి, వేరే చోట పైపైన గుచ్చినా 44.2 శాతం మందికి గుణం కనిపించింది. మందులు, వ్యాయామం లాంటి మామూలు వైద్యంతో 27.4 శాతమే. సూది ఎక్కడ దిగిందన్నదానికంటే తగ్గుతుందన్న ఆశ, శ్రద్ధగా చూసే మనిషి ఎక్కువ పనిచేశాయని నాకనిపిస్తుంది.

అయితే నొప్పి, నిద్ర మనకు తెలిసేవి. బీపీ అలా కాదు. 170 ఉన్నా చాలామందికి హాయిగానే ఉంటుంది. అందుకే 'బాగున్నాను' అన్న మాట బీపీ విషయంలో సాక్ష్యం కాదు. చీగాంగ్‌తో అది కొంత తగ్గొచ్చు, తగ్గిందో లేదో చెప్పాల్సింది మిషనే.

ఒక వారం ఇలా చేయండి. పొద్దున మాత్రకు ముందు, మళ్లీ సాయంత్రం, వీపు ఆనించి అయిదు నిమిషాలు కూర్చుని, చేయి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి రెండేసి సార్లు చూసి రాసుకోండి. ఆ కాగితం మీ డాక్టరుకు చూపించండి. పై అంకె తరచూ 110 లోపు వస్తున్నా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా డోసు తగ్గించే సంగతి ఆయనే చూస్తారు.

అన్నట్టు, ఆ క్లాసులో మూలికల పొడులేమైనా ఇచ్చి ఉంటే వాడకండి. 1990ల తొలినాళ్లలో బెల్జియంలో బరువు తగ్గడానికి చైనా మూలికల మాత్రలు వాడిన ఎంతోమంది మహిళల కిడ్నీలు పాడయ్యాయి. ఇప్పటికే వాడి ఉంటే ఒకసారి కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోండి.