మాస్టర్ల బొమ్మలు కాపీ చేస్తే సొంత శైలి పోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. చిన్నప్పటి నుంచి వాటర్‌కలర్ బొమ్మలు వేస్తుంది. చూసినవాళ్లంతా బాగున్నాయనే అంటారు. ఈ మధ్య ఒక ఆర్ట్ టీచర్‌కు చూపిస్తే, ‘చేయి శుభ్రంగా ఉంది కానీ బొమ్మలో ప్రాణం లేదు, మాస్టర్ల, అంటే గొప్ప చిత్రకారుల, బొమ్మలు పెట్టుకుని సాధన చెయ్’ అన్నారట. అప్పటి నుంచి రోజూ ఎవరో ఒకరి బొమ్మ చూసి వేస్తోంది. ఇలా కాపీలు చేసుకుంటూ పోతే తనకంటూ ఒక శైలి ఎప్పుడొస్తుంది? ఇలస్ట్రేషన్ వైపు వెళ్తానంటోంది, దానికి ఇదంతా పనికొస్తుందా? డిగ్రీ మానేస్తానని కూడా అంటోంది. మాకు టెన్షన్‌గా ఉంది. ఇంట్లో మేం ఏం చేయాలో చెప్పండి. – ఒక తల్లి

జవాబు: డిగ్రీ మానాల్సిన పని లేదు. ఆ సంగతి ముందే తేల్చేద్దాం. వాటర్‌కలర్ రోజంతా కూర్చుంటే త్వరగా వచ్చే విద్య కాదండీ. రోజూ గంటన్నర, రెండు గంటలు, మధ్యలో వదలకుండా కొన్నేళ్లు చేస్తే వస్తుంది. అది కాలేజీ పక్కన హాయిగా సాగుతుంది.

టీచర్ ఇచ్చిన సలహా మంచిదే. మీ అమ్మాయి దాన్ని అమలు చేస్తున్న తీరులోనే ఇబ్బంది ఉందనిపిస్తోంది. ‘రోజూ ఎవరో ఒకరి బొమ్మ’ అని రాశారు చూడండి, అక్కడ.

కాపీ గురించి మీ భయానికి ఇంగ్లండ్ చిత్రకారుడు టర్నర్ కథే జవాబు. వెలుగు, పొగమంచు, సముద్రం కలగలిసిపోయే ఆయన నీటిరంగుల బొమ్మలు చూస్తే, ఈయన ఎవరి దగ్గరా ఏమీ నేర్చుకుని ఉండరు అనిపిస్తుంది. కానీ 1790లలో, ఇరవై ఏళ్ల వయసులో, ఆయన లండన్‌లో మన్రో అనే డాక్టరు గారింట్లో సాయంత్రం ఆరు నుంచి పది దాకా కూర్చుని కాపీలు వేసేవారు. అవి ఎక్కువగా కోజెన్స్ అనే చిత్రకారుడి బొమ్మలు. తోటి కుర్రాడు గర్టిన్ పెన్సిల్ గీతలు గీస్తే, టర్నర్ వాటి మీద నీలం, బూడిద రంగు వాష్‌లు (నీళ్లలో పల్చగా కలిపి పరిచే రంగు పొరలు) వేసేవారు. రాత్రికి మూడున్నర షిల్లింగుల కూలి. ఇలా మూడేళ్లు సాగింది. తర్వాతి రోజుల్లో టర్నర్ వేసినవాటిని చూసి ఇవి కోజెన్స్ కాపీలని ఎవరూ అనలేదు. ఇక్కడ నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటుంది. ఆ సాయంత్రాల్లో కాపీలకు ఆయన వాడినవి ఒకటి రెండు రంగులే. రంగుల హంగు లేకుండా, ఎక్కడ చీకటి, ఎక్కడ వెలుతురు అన్న ఒక్క పాఠం మీదే కూర్చున్నారు.

పాట నేర్చుకునేవాళ్లు మొదట విన్నది విన్నట్టే పాడతారు, దాంతో గొంతు పోతుందని ఎవరూ భయపడరు. బొమ్మ దగ్గరే ఎందుకో మనకు ఈ అనుమానం వస్తుంది.

ఇక్కడి నుంచి మీ అమ్మాయితోనే మాట్లాడతాను. మీరూ పక్కన కూర్చుని వినండి.

అమ్మా, ముందు ఒక్క మాస్టర్‌ను పట్టుకో. కనీసం మూడు నాలుగు నెలలు ఆయనతోనే ఉండు. ఎవరన్నది ఇష్టాన్ని బట్టి కాకుండా నీ లోటును బట్టి తేల్చుకో. ఇష్టాన్ని బట్టి వెళ్తే మనకు వచ్చినదాన్నే మళ్లీ మళ్లీ చేస్తాం. బొమ్మంతా ఒకే వెలుతురులో చప్పగా ఉంటోందా, విన్‌స్లో హోమర్‌ను తీసుకో. కాగితం మూలమూలలా నింపితే గానీ చేయి ఆగదా, సెజాన్ చివరి రోజుల్లో వేసిన నీటిరంగులు చూడు. కాగితం చాలా భాగం ఖాళీగానే ఉంటుంది, అయినా కొండ కొండలాగే నిలబడుతుంది. చిక్కటి రంగంటే భయమైతే ఎమిల్ నోల్డే. ఆయన తడిసిన పల్చటి జపాన్ కాగితం మీద రంగును వదిలేసి, అది పోయే దారి చూసి బొమ్మ కట్టేవారు.

చేయి శుభ్రంగా ఉంది, ప్రాణం లేదు అన్నారంటే నీ సంగతి కొంత ఊహించగలను. ప్రతి అంచునూ ఒకే పదునుతో గీస్తున్నావేమో. ముందున్న పువ్వుకు ఎంత శ్రద్ధో, వెనకాల గోడకూ అంతే శ్రద్ధ. అలాంటి చేతికి జాన్ సింగర్ సార్జెంట్ (1856–1925) అనే చిత్రకారుడు బాగా పనికొస్తారు.

ఆయన 1909లో వేసిన ‘కోర్ఫు: లైట్స్ అండ్ షాడోస్’ అనే బొమ్మ బోస్టన్‌లోని మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో ఉంది. నెట్‌లో వెతికితే ఫొటో దొరుకుతుంది. ఒక తెల్లటి చిన్న ఇల్లు, గోడ మీద చెట్ల నీడలు. అంతే విషయం. ఎండ పడిన చోట రంగు దాదాపు లేదు, అక్కడ కాగితపు తెలుపే ఎండ. నీడలోకి వచ్చి చూడు. నీలం, ఊదా, వాటి మధ్య అక్కడక్కడ వెచ్చటి ఛాయ. నీడంటే నలుపు కలపడమే అనుకునేవాళ్లకు ఈ ఒక్క గోడ చాలు. ఇప్పుడు అంచుల మీదికి వెళ్లు. ఏ నీడ అంచు కత్తిరించినట్టు ఉంది, ఏది పక్క రంగులో కరిగిపోయింది, ఎక్కడ అసలు అంచే లేకుండా మన కన్నే పూరించుకుంటోంది? ఈ మూడు రకాలనూ ఒక చిన్న కాగితం మీద గుర్తులు పెట్టి రాసుకో. ఆ కాగితమే ఆ రోజు సాధన. బ్రష్ ముట్టుకోకపోయినా ఫర్వాలేదు.

మరునాడు అరచేతి సైజులో పెన్సిల్‌తో మూడే టోన్లలో (వెలుతురు, చీకటి స్థాయిల్లో) ఆ బొమ్మను గీయి: తెలుపు, మధ్యరకం, చీకటి. ఆ తర్వాత ఆయన ఏ వాష్ ముందు వేసి ఉంటారు, ఏది ఆరాక వేసి ఉంటారు అని ఊహించి వరస రాసుకో. వాటర్‌కలర్‌లో వరసే సగం విద్య. నూనెరంగుల్లో తెలుపును చివర్లో పెట్టొచ్చు, ఇక్కడ మొదటి నిమిషంలోనే దాన్ని కాపాడుకోవాలి. అప్పుడు కూర్చుని వేయి, నీ దగ్గరున్న బ్రష్‌లన్నిటిలోకీ పెద్దదానితో, చిన్న కాగితం మీద. పెద్ద బ్రష్ ఉంటే శుభ్రత కోసం తాపత్రయపడే అవకాశమే ఉండదు. తప్పుతుంది. నువ్వు ఊహించిన వరస ఎక్కడ తప్పో నీ కాపీయే చూపిస్తుంది. అదే బొమ్మను మళ్లీ వేయి. మూడోసారి అసలు బొమ్మ చూడకుండా గుర్తున్నంత వరకు వేయి. గుర్తున్నది ఎంతో, నీకు దక్కింది అంత.

ఇందులో ఒక భాగం మాత్రం ఏ మాస్టర్ బొమ్మా చూపించదు, నీ కాగితం మీదే నేర్చుకోవాలి. అది తడి మెరుపు. వాష్ వేసిన వెంటనే కాగితం తళతళలాడుతుంది. అప్పుడు ఇంకో రంగు తగిలిస్తే హద్దు లేకుండా పాకుతుంది. ఆకాశానికి, దూరపు కొండలకు అదే సమయం. కాసేపటికి మెరుపు మందగిస్తుంది. అప్పుడు బ్రష్‌లో నీళ్లు తగ్గించి చిక్కటి రంగు పెడితే, అంచు మెత్తగా ఉంటూనే పెట్టినచోటే నిలుస్తుంది. సార్జెంట్ నీడల్లో కనిపించే మెత్తదనానికి దగ్గరగా వెళ్లేది ఇక్కడే. మెరుపు పూర్తిగా పోయి, వేలి వెనకభాగం ఆనిస్తే ఇంకా చల్లగా తగులుతున్నప్పుడు మాత్రం దాని జోలికి పోవద్దు. ఆ సమయంలో నీళ్ల బ్రష్ ఆనిస్తే నీరు రంగును బయటికి నెట్టి, కాలీఫ్లవర్ ఆకారంలో మరక కడుతుంది. పాడు చేసుకోవడానికే కొన్ని కాగితాలు పక్కన పెట్టి, ఈ మూడు దశల్లోనూ ఒకే రంగు పెట్టి చూడు.

భావం పలికే బొమ్మ అంటే విసురుగా వేసేయడం అనుకోకు. 1818లో టర్నర్ తను అతిథిగా ఉన్న ఇంట్లో ఒక యుద్ధనౌక బొమ్మను ఒక్క ఉదయంలో వేశారు, పక్కన ఆ ఇంటి అబ్బాయి కూర్చుని చూశాడు. కాగితం నానిపోయేదాకా తడి రంగు పోసి, గీకి, రుద్ది, మొదట అంతా గందరగోళంగా ఉండి, మధ్యాహ్న భోజనం వేళకు తెరచాపలతో సహా ఓడ తేలిందట. చూడటానికి పూనకంలా ఉంటుంది. కానీ ఓడలో ఏ తాడు ఎక్కడ కడతారో ఎన్నో ఏళ్ల స్కెచ్‌బుక్‌ల వల్ల ఆయనకు కంఠతా వచ్చు. అందుకే మాస్టర్ల కాపీలతో పాటు నీ కంటి ముందున్న వస్తువులను పెన్సిల్‌తో గీయడం ఒక్కరోజు కూడా మానవద్దు.

రంగుల విషయంలో మాత్రం కాపీని మరీ నమ్మకు. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో హోమర్ 1887లో వేసిన ఒక పొలం బొమ్మ ఉంది. ఇవాళ ఆకాశం పాలిపోయి కనిపిస్తుంది. పరీక్షలు చేసి చూస్తే అక్కడ ఒకప్పుడు ఎరుపు, నారింజ రంగులు ఉండేవని, వెలుతురుకు వెలిసిపోయాయని తేలింది. పాలిపోయిన ఆకాశాన్ని చూసి ‘ఎంత నిగ్రహం!’ అని మెచ్చుకుంటే మోసపోయినట్టే. దానికి తోడు ఫోన్ స్క్రీన్ ఒక్కోటి ఒక్కో రంగు చూపిస్తుంది. కాబట్టి మాస్టర్ల నుంచి టోన్, అంచు, వరస తీసుకో. రంగు నీ కంటితో చూసుకో. నువ్వు కొనే ట్యూబు మీద ఆ రంగు వెలుతురుకు ఎంత నిలుస్తుందో తెలిపే గుర్తు సాధారణంగా ఉంటుంది, అది చూసి కొనుక్కో.

ఇక శైలి. కాపీ పూర్తయిన రోజే, లేదా మరునాడే, ఆ బొమ్మలో నేర్చుకున్న ఒకే ఒక్క నిర్ణయాన్ని నీ సొంత విషయం మీద పెట్టు. తెల్లగోడ మీద రంగు నీడలు నేర్చుకున్నావా, మీ కిటికీ పక్కన తెల్ల కప్పు పెట్టి వేయి. ఈ రెండో బొమ్మ లేకుండా కాపీ మీద కాపీ వేస్తే మాత్రం మీ అమ్మగారి భయం నిజమవుతుంది. నా దగ్గరికి వచ్చే పోర్ట్‌ఫోలియోల్లో (తమ పని చూపించడానికి కూర్చిన బొమ్మల కట్టల్లో) తడిసిన వీధి, గొడుగుల మనుషులు, వెనకాల పసుపు లైట్లు ఉన్న బొమ్మ ఎన్నిసార్లు చూస్తానో! వేసినవాళ్లు వేరు వేరు, అందరూ చూసి కాపీ చేసిన వీడియో మాత్రం ఒకటే.

ఇప్పుడు మళ్లీ అమ్మగారికి. ఉపాధి గురించి అడిగారు. స్వేచ్ఛగా వేసే ఇలాంటి వాటర్‌కలర్లు అమ్ముకునే బతుకుదాం అని మొదటి నుంచీ అనుకోవద్దు. హోమర్ మొదట లితోగ్రఫీ (రాతి పలక మీద గీసి అచ్చు వేసే) ప్రెస్‌లో అప్రెంటిస్, తర్వాత ‘హార్పర్స్ వీక్లీ’ పత్రికకు బొమ్మలు వేసేవారు. వాటర్‌కలర్ గట్టిగా పట్టుకున్నది 1873లో, 37 ఏళ్ల వయసులో. సార్జెంట్‌కు డబ్బు తెచ్చిపెట్టింది నూనెరంగుల పోర్ట్రెయిట్లు. 1909లో బ్రూక్లిన్ మ్యూజియం ఆయన వాటర్‌కలర్లు 83 ఒకేసారి కొన్నది, కానీ అప్పటికి ఆయన ప్రపంచమంతా తెలిసిన పేరు. ఇద్దరికీ ముందు ఒక జీవనాధారం ఉంది.

ఇలస్ట్రేషన్ అలాంటి ఆధారమే. పిల్లల పుస్తకాలు, పత్రికలు, యానిమేషన్ స్టూడియోల్లో సన్నివేశాల రంగు ప్లాన్లు, ఆర్కిటెక్టుల కోసం భవనాల చిత్రాలు, ఇవన్నీ ఈ చేతికి దగ్గర పనులే. చాలాచోట్ల చివరి పని కంప్యూటర్ మీదే జరుగుతుంది కాబట్టి ఒక డిజిటల్ పెయింటింగ్ సాఫ్ట్‌వేర్ కూడా నేర్చుకోవాలి. టోన్, అంచు తెలిసినవాళ్లకు అది కష్టం కాదు. ఒకటి గమనించారా, టీచర్ లోపంగా చెప్పిన ‘శుభ్రమైన చేయి’ మొక్కల శాస్త్రీయ చిత్రాలు వేసే బొటానికల్ ఇలస్ట్రేషన్‌లో అచ్చంగా అర్హత. అమ్మాయి ఎంచుకున్న డిగ్రీలో వృక్షశాస్త్రం ఉంటే ఆ దారిని అస్సలు కొట్టిపారేయకండి.

పోర్ట్‌ఫోలియోలో కాపీలు ఉండకూడదు. పెట్టాలనుకుంటే ఒకటి రెండు, ‘ఫలానావారి బొమ్మను చూసి వేసిన అధ్యయనం’ అని స్పష్టంగా రాసి, స్కెచ్‌బుక్ భాగంలో పెట్టాలి. ఎప్పుడో గతించిన మాస్టర్ల బొమ్మలు చూసి వేయడానికి సాధారణంగా అడ్డు ఉండదు. ఇప్పుడు జీవించి ఉన్నవాళ్ల బొమ్మల కాపీలు అమ్మడం, పోటీలకు పంపడం మాత్రం కాపీరైట్ సమస్య, పరువు సమస్య కూడా. ఎంపిక చేసేవాళ్లు పూర్తయిన బొమ్మలకంటే వాటి వెనకున్న చిన్న స్కెచ్‌లు, టోన్ ప్లాన్లు, పాడైపోయిన ప్రయత్నాలు అడిగి మరీ చూస్తారు. కాబట్టి పాడైనవి చించెయ్యకుండా తేదీ రాసి దాచమనండి. ఇలస్ట్రేషన్‌కు ఇంకో పరీక్ష ఉంది: ఒకే పాత్రను పది పేజీల్లో, పది భంగిమల్లో, గడువులోగా వేయగలదా? ఈ సెలవుల్లో ఒక చిన్న కథకు ఆ పని చేయించి చూడండి. ఆ కథ పూర్తి చేసిందా, మధ్యలో వదిలేసిందా అన్నది మీకు, తనకు కూడా చాలా చెబుతుంది. డిగ్రీ తర్వాత ఏం చదవాలన్నది అప్పుడు మాట్లాడుకుందాం.

ఇంట్లో మీరు చేయగలిగింది పెద్దగా ఖర్చు లేనిదే. రంగుల పెట్టె పెద్దది కొనకండి, ఆరేడు మంచి ట్యూబులు చాలు. పొదుపు కాగితం దగ్గర మాత్రం వద్దు. నూరు శాతం కాటన్, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) కాగితం తెప్పించండి. చౌక కాగితం వాష్‌ను పట్టి ఉంచదు, రెండుసార్లు రుద్దితే పైపొర లేచిపోతుంది. అప్పుడు పిల్ల తప్పు తన చేతిదనుకుంటుంది. పెద్ద షీట్లు తెచ్చి ఎనిమిది ముక్కలుగా కోసుకుంటే, రెండు వైపులా వాడుకుంటే, ఒక్కో షీటు చాలా రోజులు వస్తుంది.