బండి డబ్బు వేరు, కాలి డబ్బు వేరు

ప్రశ్న: నా వయసు 34. రెండేళ్ల క్రితం ప్రమాదంలో ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. కృత్రిమ కాలుతో నడుస్తున్నాను, ఉద్యోగం చేసుకుంటున్నాను. ఆ కాలికి నాలుగు నెలల జీతం అయింది. నష్టపరిహారంగా వచ్చిన 24 నెలల జీతమంత డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంది. ఎనిమిదేళ్ల నాటి నా మోటార్‌సైకిల్ మళ్లీ నడపాలని ఉంది. బటన్ నొక్కితే గేరు మారే ఎలక్ట్రిక్ కిట్‌కు ఒక వర్క్‌షాప్ మూడు నెలల జీతం అడుగుతోంది, వాయిదాల్లో కట్టొచ్చంటోంది. మరో మెకానిక్ మడమతో కూడా నొక్కే గేరు లివర్ బిగిస్తే చాలు, పది రోజుల జీతంతో అయిపోతుందంటున్నాడు. అన్నయ్యేమో బండి అమ్మేసి గేర్లు లేని స్కూటర్ కొనమంటున్నాడు. బండికి రెండు నెలల జీతం వస్తుంది, స్కూటర్‌కు నాలుగు కావాలి. ఇప్పుడు క్యాబ్‌లకు జీతంలో ఐదో వంతు పోతోంది. డిపాజిట్ కొంత తీయనా, వాయిదాల్లో తీసుకోనా?

జవాబు: మీ ఉత్తరం చదివాక నాకు ముందు బండి మీద కాదు, డిపాజిట్ మీద దృష్టి పడింది. ఆ 24 నెలల జీతం చేతిలో ఉన్న మిగులు అని మీరు అనుకుంటున్నారు. కాదండీ. అది మీ కాలి డబ్బు.

కృత్రిమ కాలు ఒకసారి కొంటే జీవితాంతం ఉండేది కాదు. వాడకాన్ని బట్టి మూడు నుంచి ఐదేళ్లకోసారి మార్చాల్సి వస్తుంది. లోపల తొడిగే మెత్తటి తొడుగు (లైనర్), మిగిలిన కాలు ఇమిడే గిన్నెలాంటి భాగం (సాకెట్) అంతకంటే ముందే అరుగుతాయి, లేదా మిగిలిన కాలు సన్నబడి వదులవుతాయి. నాలుగేళ్లకో కాలు అనుకుందాం. ఇప్పుడున్నదానికి రెండేళ్లు నిండాయి కాబట్టి వచ్చేది 36వ ఏట, ఆ తర్వాత 40, 44... అలా 64 ఏళ్లదాకా ఎనిమిది కాళ్లు. ఒక్కోదానికి నాలుగు నెలల జీతం చొప్పున 32 నెలల జీతం. మీ దగ్గరున్నది 24. ధరల పెరుగుదలను దాటి ఏటా 2 శాతం అదనంగా రాబడి వస్తే ఈ 24 ఆ ఎనిమిదింటికీ దాదాపు సరిగ్గా సరిపోతుంది. నేను లెక్క వేస్తే ఇప్పుడు చేతిలో ఉండాల్సింది 23.7 నెలల జీతమని వచ్చింది. అంటే మిగిలేది ఏమీ లేదు. ఇప్పుడు మూడు నెలల జీతం తీసి బండికి పెడితే 64వ ఏట కావలసిన కాలికి డబ్బుండదు, 60వ ఏట దానికీ కొంత తక్కువ పడుతుంది. ముప్పై ఏళ్ల తర్వాతి సంగతి కదా అనిపిస్తుంది. కానీ ఉద్యోగం విరమించే వయసులో, సంపాదన ఆగిపోయే రోజుల్లో కాలు కొనలేకపోవడం ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి.

అందుకే ఆ డిపాజిట్‌ను ముట్టుకోవద్దు. ఒకే డిపాజిట్‌గా ఉంటే వీలు చూసుకుని విడివిడిగా చేయండి. మొదటిది మీ 36వ ఏటికి ముందు చేతికి రావాలి. దూరంగా ఉన్న కాళ్ల డబ్బు మాత్రం అంతా డిపాజిట్‌లోనే ఉంచితే ధరల పెరుగుదలను దాటకపోవచ్చు. దాని గురించి విడిగా కూర్చుని మాట్లాడుకోవాలి.

ఇక బండి. అది జీతంలోంచే రావాలి, వస్తుంది కూడా. క్యాబ్‌లకు జీతంలో 20 శాతం పోతోందన్నారు. సొంత బండికి ఇంధనం, మరమ్మతు, బీమా కలిపి 8 శాతం వేసుకున్నా నెలకు 12 శాతం మిగులుతుంది. ఆ 12 శాతంతో పెట్టుబడి ఎన్నాళ్లకు తిరిగొస్తుందో చూడండి. ఎలక్ట్రిక్ కిట్‌కు 25 నెలలు. అన్నయ్య చెప్పిన స్కూటర్‌కు పైన వేసుకోవాల్సింది రెండు నెలల జీతం, అంటే 17 నెలలు. మడమ లివర్‌కు పది రోజుల జీతం, దాని మీద తనిఖీ ఫీజు, బీమాలో పెరిగేది కలిపి అర నెల జీతం అనుకున్నా నాలుగు నెలలు.

చవకైందని ఆ మెకానిక్ మాటను కొట్టిపారేయకండి. మీ అవసరాన్ని అతనే సరిగ్గా పట్టుకున్నాడని నాకనిపిస్తోంది. మామూలు లివర్‌లో గేరు పెంచాలంటే బొటనవేలిని లివర్ కింద పెట్టి పైకి ఎత్తాలి. కృత్రిమ కాలికి చీలమండ ఆ పని చేయదు. మడమ, ముందుపాదం రెండూ నొక్కే లివర్‌లో ఎత్తే పని ఉండదు, రెండువైపులా కిందికే. తుంటి, మోకాలు మీవే కాబట్టి ఆ బలం వస్తుంది. కష్టమల్లా ఒకటే: పాదానికి స్పర్శ ఉండదు, గేరు పడిందో లేదో ఇంజిన్ చప్పుడును బట్టి, మోకాలికి తగిలే కుదుపును బట్టి తెలుసుకోవాలి. దానికి సాధన కావాలి. ఖాళీ మైదానంలో, పక్కన ఒకరుండగా కొన్ని రోజులు. కాలు ఫుట్‌రెస్ట్ మీది నుంచి జారకుండా చిన్న అంచు, ఎక్కడా ఇరుక్కోకుండా చుట్టూ చోటు కూడా చూడమనండి. ఎవరైనా గేరును చేతి లివర్‌కు మారుస్తామంటే మాత్రం వెంటనే ఒప్పుకోకండి. క్లచ్ ఎడమ చేతిలోనే ఉంటుంది, అదే చేతితో ఇంకో లివర్ లాగి గేరు కూడా వేయడం తేలిక కాదు.

అయితే మూడు నెలల జీతం పోసే ఆ కిట్ పనికిరానిదని కాదు. మోకాలి పైన కాలు పోయినవాళ్లకు, లేదా మడమ లివర్‌ను నెలపాటు ప్రయత్నించినా కుదరనివాళ్లకు అది నిజమైన దారి. మీకూ అలాగే తేలితే అప్పుడు డబ్బు కూడబెట్టి కొనండి. వర్క్‌షాప్‌ను ఒక్క మాట అడగండి: ఈ కిట్ విప్పి ఇంకో బండికి బిగించవచ్చా? బిగించగలిగితే అది మీ సొంత పరికరం, రెండు బండ్ల కాలానికి పంచుకునే ఖర్చు. కుదరదంటే రెండు నెలల జీతం విలువున్న పాత బండి మీద మూడు నెలల జీతం పోసినట్టు. వాయిదాల జోలికి వెళ్లకండి. బండికి పట్టే వాయిదా ఉద్యోగం ఆగిన నెలలో కూడా ఆగదు.

ఇంకొకటి. వచ్చే బండి కొనే రోజుకు మార్కెట్ మీకు అనుకూలంగా మారుతోంది. 1958లో వచ్చిన హోండా సూపర్ కబ్‌కే చేతి క్లచ్ లేదు. 2010లో హోండా వీఎఫ్ఆర్1200ఎఫ్‌లో క్లచ్ లివర్, గేరు లివర్ రెండూ లేని గేరుపెట్టె వచ్చింది, ఎడమ హ్యాండిల్ మీది బటన్లతో గేరు మార్చుకోవచ్చు. ఎలక్ట్రిక్ బైకుల్లో చాలావాటికి గేర్లే ఉండవు. ఇప్పుడు మిగిలే ఆ 12 శాతాన్ని ముందు ఆర్నెల్ల ఖర్చుకు సరిపడా అత్యవసర నిధికి, అది నిండాక ఇలాంటి బండికి మళ్లించండి. అప్పటిదాకా ఈ పాత బండే బాగా పని చేస్తుంది. తీసేసిన అసలు లివర్‌ను పారేయకండి, అమ్మేటప్పుడు తిరిగి బిగించి ఇస్తే ధర తగ్గదు.

అన్నయ్య మాట తప్పు కాదు, ఆయన భయం నాకు అర్థమవుతుంది. తమ్ముణ్ని ఒకసారి ఆసుపత్రిలో చూసినవాడు అలాగే అంటాడు. మడమ లివర్ మీకు పడకపోతే నేనూ స్కూటర్ వైపే మొగ్గుతాను. కానీ మీకు మీ బండే కావాలని ఉంది, అది సమంజసమైన కోరిక. దానికి అర నెల జీతం పెట్టి పరీక్షించుకోవడంలో తొందరపాటేమీ లేదు.

డబ్బు ఖర్చు పెట్టే ముందు రెండు కాగితాలు చేతిలో ఉండాలి. ఒకటి, లైసెన్సు కార్యాలయం నుంచి: మార్చిన బండి నడపడానికి వైద్య పరీక్ష, లైసెన్సులో షరతు, బండి తనిఖీ అవసరమా అన్నది. యూరప్ లైసెన్సుల్లో మార్చిన మోటార్‌సైకిల్‌కు 44 అనే కోడ్ ముద్రిస్తారు, అలాంటి నమోదు మీకూ ఉందేమో చూడండి. రెండోది, బీమా సంస్థ నుంచి: మార్పు తెలిసిందని, కవరేజీ కొనసాగుతుందని రాతపూర్వకంగా. ఈ రెండోదాన్ని చాలామంది వదిలేస్తారు. చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ తిరస్కరణకు కారణం కావచ్చు. బండి పూర్తిగా పాడైతే మార్పుల విలువ కలుపుతారా, ప్రమాదంలో కృత్రిమ కాలు దెబ్బతింటే దాన్ని ఎవరు భరిస్తారు అని కూడా అడగండి. ఇది ఒక్కటే నాలుగు నెలల జీతం ప్రశ్న. సాయమందించే సంస్థలుంటే వాటినీ అడగండి. బ్రిటన్‌లో వైకల్యమున్న బైకర్ల కోసం 1991 నుంచి ఉన్న జాతీయ సంఘం బండి మార్పులకు గ్రాంటులు ఇస్తుంది.

చివరగా, మీకు కాలు అమర్చిన నిపుణుడి దగ్గరికి బండి తీసుకెళ్లండి. బండి నడిపేటప్పుడు వేసుకునే బూట్లు తొడుక్కునే వెళ్లండి. మడమ ఎత్తు మారితే కాలి అమరిక మారుతుంది, ఆ అమరిక బండి మీద కూర్చున్న భంగిమకు కూడా కుదరాలి. అది సరిచేయించుకున్నాకే లివర్ బిగించమనండి.