లౌబ్ వాలు మీదికి ఈ ఏడాది వద్దు, తమ్ముడూ

జ్యూరిక్ వచ్చి రెండు శీతాకాలాలైంది, స్కీల మీద ఎర్ర పిస్టుల్లో (చదును చేసిన, మధ్యస్థ కష్టం దారులు) బాగానే దిగుతున్నాను, టిట్లిస్ కొండ కింది ఎంగెల్‌బర్గ్‌లో లౌబ్ అనే వాలు దిగొచ్చా అని అడిగావు. మనవాళ్లలో చాలామందికి టిట్లిస్ అంటే ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను తిరిగే కేబుల్ కారు ఎక్కించి, 3,020 మీటర్ల ఎత్తున మంచులో ఫొటో తీయించే చోటు. ఆఫ్-పిస్ట్, అంటే చదును చేసిన దారులు వదిలి, స్కీయింగ్ చేసేవాళ్లు మాత్రం అదే కొండకు లౌబ్, స్టైన్‌బర్గ్, గాల్టిబర్గ్ అనే దిగుడుల కోసం వస్తారు. నీ ఆశ నాకు అర్థమైంది. కానీ ఈ ఏడాది వద్దు.

లౌబ్ పైనుంచి చూస్తే కష్టంగా అనిపించదు. చెట్టూ బండా అడ్డులేని ఒకే పెద్ద వాలు, వెయ్యి మీటర్లకు పైగా దిగుడు. భయం అక్కడే ఉంది. మంచు చరియలు ఎక్కువగా కదిలేది 30 డిగ్రీలు దాటిన వాలుల మీద. ఇక్కడ కదిలితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. స్టైన్‌బర్గ్ హిమానీనదం, పగుళ్ల మీద మంచు కప్పేసి ఉంటుంది. గాల్టిబర్గ్‌లో దారి తప్పితే కింద కొండ అంచులు. ఆ రెండూ గైడ్ లేకుండా తలపెట్టకు.

ముందు వెళ్లినవాళ్ల జాడలు కనిపిస్తే దారి ఉందనుకుంటాం. నేనూ అలాగే ఒకసారి, వేరే రిసార్టులో, జాడల వెంట దిగాను. అవి ఒక కొండ అంచు దగ్గర ఆగిపోయాయి. ముందు వెళ్లినవాళ్లు తాడుతో దిగారని తర్వాత తెలిసింది. స్కీలు భుజాన వేసుకుని, నడుము లోతు మంచులో రెండు గంటలు పైకెక్కాను. చీకటి పడుతుంటే ఇంటికి ఫోన్ చేయాలా వద్దా అని పడిన టెన్షన్ ఇప్పటికీ మరచిపోలేదు.

దావోస్‌లోని మంచు చరియల పరిశోధన సంస్థ ఎస్‌ఎల్‌ఎఫ్ చలికాలంలో రోజూ సాయంత్రం 5 గంటలకు మంచు చరియల ప్రమాద సూచన ఇస్తుంది. దాన్ని వాళ్ల వైట్ రిస్క్ యాప్‌లో ఇంగ్లిష్‌లోనూ చదవొచ్చు. ప్రమాదానికి ఐదు స్థాయిలు. ఐదులో మూడంటే మధ్యస్థమే కదా అనుకోకు. స్విట్జర్లాండ్‌లో మంచు చరియల మరణాల్లో దాదాపు సగం ఆ మూడో స్థాయి రోజుల్లోనే జరుగుతాయి. చరియను కదిలించేది కూడా చాలాసార్లు అందులో చిక్కుకున్న మనిషో, అతని జట్టో.

ఈ సీజన్‌లో పసుపు గుర్తుల దారుల్లో దిగు. వాటిని మంచు చరియల నుంచి కాపాడతారు కానీ చదును చేయరు, మెత్తటి మంచులో కాళ్లు అక్కడే అలవాటవుతాయి. తర్వాత మంచు చరియల మీద ఒక కోర్సు చేయి. బీకన్ (మంచు కింద చిక్కుకున్నవాళ్లను సిగ్నల్‌తో వెతికే పరికరం), పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ) కొనడం సులువే. మంచు కింద ఉన్న మనిషిని మొదటి పది పదిహేను నిమిషాల్లో తవ్వి తీయగలగాలి, ఆ తర్వాత ఆశ వేగంగా తగ్గిపోతుంది. హెలికాప్టర్ వచ్చేదాకా ఆగే వీలుండదు కాబట్టి నీ పక్కనున్నవాడికీ ఇవన్నీ రావాలి. ఒంటరిగా అసలే వద్దు.

ఇన్సూరెన్స్ సంగతి మనవాళ్లు ఎవరూ చెప్పరు. వారానికి 8 గంటలో అంతకంటే ఎక్కువో ఒకే కంపెనీలో పనిచేస్తే సెలవురోజు ప్రమాదాలకూ కంపెనీ బీమా ఉంటుంది. కానీ ఆఫ్-పిస్ట్‌లో మామూలు జాగ్రత్తలను దారుణంగా పక్కనపెడితే నగదు పరిహారంలో కోత పడవచ్చు. మీ ఆవిడ ఉద్యోగం చేయడం లేదన్నావు. ఆమె హెల్త్ ఇన్సూరెన్స్‌లో ప్రమాద బీమా కలిపి ఉండాలి. రక్షణ ఖర్చులో ఆ బేసిక్ పాలసీ సగమే ఇస్తుంది, అదీ ఏడాదికి 5,000 ఫ్రాంకుల వరకే. హెలికాప్టర్ రక్షణ సంస్థ రేగాకు ఏటా కొద్దిపాటి చందా కట్టు, నంబరు 1414 ఫోన్‌లో పెట్టుకో. వాళ్లు సాధారణంగా చందాదారుల దగ్గర, బీమా ఇవ్వని రక్షణ ఖర్చు వసూలు చేయరు. ఆవిడ పాలసీ కాగితం మాత్రం ఈ రాత్రే తీసి చూడు.