టీకా వేసిన భుజం లేవడం లేదు, పరిహారం వస్తుందా?

ప్రశ్న: మాది మలక్‌పేట. టైలరింగ్ చేస్తాను. పద్నాలుగు నెలల క్రితం ఒక ప్రైవేటు ఆస్పత్రిలో డబ్బు కట్టి ఫ్లూ టీకా వేయించుకున్నాను. నర్సు బాగా పైన, ఎముక పక్కనే పొడిచింది. ఆ రాత్రి నుంచే నొప్పి. ఇప్పటికీ జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి పోదు. ఎమ్మారైలో బర్సైటిస్ (కీలు దగ్గరి సంచి వాపు) అని వచ్చింది. ఆస్పత్రివాళ్లేమో షుగర్ వల్ల అంటున్నారు. కేసు వేయొచ్చా? – ఒక సోదరి

జవాబు: వేయొచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం–2019, సెక్షన్ 69 ప్రకారం గడువు రెండేళ్లు. అంటే మీకింకా పది నెలలుంది. అయితే టీకా మంచిదా చెడ్డదా అనే వాదనలోకి దిగకండి, కేసు పక్కదారి పడుతుంది. మీ ఫిర్యాదు సూది పడిన చోటు గురించి.

భుజం కొసన చేతికి తగిలే ఎముకకు రెండు మూడు వేళ్ల కింద, కండ మధ్యలో సూది పడాలి. అంతకన్నా పైన పొడిస్తే మందు కీలు దగ్గరి బర్సా సంచిలోకి పోయి వాపు తెస్తుంది. మామూలు టీకా నొప్పి రెండు మూడు రోజుల్లో పోతుంది, ఇది నెలల తరబడి ఉంటుంది. అమెరికాలో 48 గంటల్లోపు ఈ నొప్పి మొదలై, మిగతా షరతులూ కుదిరితే ప్రభుత్వ నిధి నుంచే పరిహారం ఇస్తారు. ఫ్లూ టీకాకు మన దగ్గర అలాంటి నిధి లేదు, నిర్లక్ష్యాన్ని మీరే రుజువు చేయాలి.

అందుకే మొదటి రెండు రోజుల ఆధారాలే మీ కేసుకు ప్రాణం. ఆ రాత్రి ఇంట్లోవాళ్లకు పెట్టిన వాట్సాప్ మెసేజ్ ఉందా? దాన్ని చెరపకండి, ఫోన్ మార్చకండి. కేసు దాఖలు చేసేటప్పుడు ఆ మెసేజ్‌కు భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయాలి. మొదటి ఓపీ చీటీలో "టీకా తర్వాత నొప్పి" అని డాక్టరు రాసి ఉంటే అంతకు మించింది లేదు. టీకా బిల్లు, బ్యాచ్ నంబరు, సూది వేసినవారి పేరు, నర్సింగ్ రికార్డు కావాలని ఆస్పత్రికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. 2002 వైద్య నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులివ్వాలి. ఈ పని ఆస్పత్రికి లీగల్ నోటీసు పంపడం కన్నా ముందే జరగాలి.

షుగర్ వాదన ఉత్తదేం కాదు. షుగర్ ఉన్నవారికి భుజం బిగుసుకుపోవడం ఎక్కువే. కానీ మీకు అంతకుముందు భుజం నొప్పి లేకపోవడం, రెండో భుజం బాగుండటం, టీకా రోజే నొప్పి మొదలవడం – ఈ మూడింటినీ కలిపి ఒక ఆర్థోపెడిక్ డాక్టరు చేత అభిప్రాయం రాయించండి. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని 2010లో మన హైదరాబాద్ కేసులోనే (వి. కిషన్‌రావు) సుప్రీంకోర్టు చెప్పింది. మీ కేసు అంత తేటతెల్లం కాదు కాబట్టి దాని మీద ఆధారపడొద్దు. పాత చీటీల్లో ఎక్కడైనా భుజం నొప్పి ప్రస్తావన ఉంటే మాత్రం దాచకండి.

కేసు వేసేది వినియోగదారుల కమిషన్‌లో. దాని పరిధీ, ఫీజూ మీరు కట్టిన సొమ్మును బట్టే ఉంటాయి, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. 5 లక్షల లోపైతే ఫీజు లేదు. నగరంలోని జిల్లా కమిషన్‌లో గానీ ఈ–జాగృతి పోర్టల్‌లో గానీ వేయొచ్చు. ఫిజియోథెరపీ, ఎమ్మారై బిల్లులతో పాటు కుట్టు ఆర్డర్ల పుస్తకం కూడా పెట్టండి. టీకాకు ముందు నెలకెన్ని జాకెట్లు, ఆ తర్వాత ఎన్ని అన్నది అందులోనే తేలుతుంది.

టీకా బిల్లు పోయిందా? యూపీఐ చెల్లింపు వివరాలు తీయించండి. బస్తీ దవాఖానాలో ఉచితంగా వేయించుకుని ఉంటే 1995 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఈ కమిషన్‌కు వెళ్లే వీలే ఉండేది కాదు. డబ్బు కట్టారని చూపే ఆ కాగితమే మిమ్మల్ని వినియోగదారుని చేస్తుంది.