భర్తకు అప్లాస్టిక్ అనీమియా, ఏటీజీ మొదలుపెడుతున్నారు. భార్యగా నేనేం చేయగలను?

ఎముక మజ్జలో రక్తకణాలు సరిపడా తయారుకాని ఈ జబ్బే మా ఆయనకీ వచ్చింది. బోన్ మ్యారో మార్పిడికి తమ్ముడిది సరిపోలకపోవడంతో మజ్జ మీద దాడి చేసే రోగనిరోధక కణాలను అణిచే ఏటీజీ మందే మాకూ దారి అయింది. మీ కంగారు నాకు తెలుసు, అందుకే నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను.

గుర్రం నుంచి తీసిన ఏటీజీ అయితే ఎక్కించేది నాలుగు రోజులే. గుణం కనిపించడానికి మాత్రం మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఇది నా బుర్రకెక్కలేదు. ఇంటికొచ్చిన రెండో వారం ప్లేట్‌లెట్లు 9 వేలే ఉన్నాయని చూసి, మందు పనిచేయలేదనుకుని తలుపేసుకుని ఏడ్చాను. అప్పటికి మందు పని ఇంకా మొదలే కాలేదు.

మొదటి రోజు డ్రిప్ పెట్టిన గంటకే ఆయనకు మంచం ఊగిపోయేంత వణుకు వచ్చింది. నర్సు వెంటనే డ్రిప్ ఆపి, ఇంజక్షన్ ఇచ్చి, మళ్లీ నెమ్మదిగా మొదలుపెట్టింది. ఇలా జరగవచ్చని ముందే తెలిస్తే మీరు ఆయన చెయ్యి పట్టుకుని నిలబడగలరు. వారం పది రోజులకు కీళ్ల నొప్పులు, దద్దుర్లు వస్తే అదీ ఏటీజీ వల్ల కావచ్చు, డాక్టరుకు వెంటనే చెప్పండి.

జ్వరం విషయంలో మొహమాటం వద్దు. న్యూట్రోఫిల్స్ (ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు) 500 లోపు ఉన్న మనిషికి 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ దాటితే రాత్రి రెండయినా సరే ఆసుపత్రికి బయల్దేరాల్సిందే. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. మా ఇంట్లో బట్టలు, ఫైలు సర్దిన సంచి తలుపు పక్కనే ఉండేది. రోజూ పడుకోబోయే ముందు ఫోన్ టార్చి వేసి ఆయన కాళ్ల మీద, ప్లేట్‌లెట్లు తగ్గితే కనిపించే ఎర్రచుక్కలు కొత్తగా ఏమైనా వచ్చాయా అని చూసేదాన్ని.

రక్తం ఇస్తామని బంధువులు ముందుకొస్తారు. మున్ముందు మార్పిడి అవసరం పడే వీలుంటే అన్నదమ్ములు, తల్లిదండ్రుల రక్తం ఎక్కించకూడదు. వాళ్లను వేరే రోగుల కోసం ఇమ్మనండి. ప్లేట్‌లెట్లు సాధారణంగా ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు, కాబట్టి ఎవరు ఎప్పుడు ఇచ్చారో, మళ్లీ ఎప్పుడు ఇవ్వగలరో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఏటీజీతో పాటు ఇచ్చే, రోగనిరోధక శక్తిని అణిచే మందు సైక్లోస్పోరిన్. అది రక్తంలో ఎంత ఉందో చూసే లెవెల్ టెస్టు రోజు పొద్దున మాత్ర వేయకుండా వెళ్లాలి, రక్తం తీశాకే వేసుకోవాలి. ఒకసారి నేను అలవాటుగా మాత్ర ఇచ్చేశాను. లెవెల్ బాగా ఎక్కువ చూపించింది, ఆ రోజంతా కిడ్నీలకు ఏమైందోనని టెన్షన్ పడి చచ్చాం. మళ్లీ సూది గుచ్చించుకున్నది ఆయనే.

వీటన్నిటికన్నా నాకు ఆలస్యంగా తెలిసినది ఒకటుంది. మూడో నెలలో ఒక సాయంత్రం "ఎలా ఉంది?" అని అడిగితే ఆయన గోడ వైపు తిరిగి, "నువ్వు అడిగేది నన్ను కాదు, నా ప్లేట్‌లెట్లని" అన్నారు. నిజమే. అప్పటికి కొన్ని వారాలుగా మా మధ్య కౌంట్లు తప్ప వేరే మాటే లేదు. ఆ రాత్రి నుంచి రిపోర్టుల మాట పొద్దున అరగంటే అని పెట్టుకున్నాం. మిగతా రోజంతా ఆఫీసు కబుర్లు, పాత గొడవలు, ఏదైనా సరే. ఆయన కోపం తెచ్చుకున్నా నేను సంతోషించిన రోజులున్నాయి. కోపం తెచ్చుకునే ఓపిక వచ్చిందన్నమాట.

మీకూ ఒక మనిషి కావాలి. మా ఆడపడుచు వారానికి రెండు రాత్రులు వచ్చి కూర్చునేది, ఆ రెండు రాత్రులే నేను నిద్రపోయింది. సాయం చేస్తామన్నవాళ్లకు "చూద్దాంలెండి" అనకండి, ఫలానా రోజు రమ్మని చెప్పండి.

కౌంట్లు పడుతూ లేస్తూ ఉంటాయి. నేను ప్లేట్‌లెట్లు ఎక్కించిన తేదీల మధ్య ఎన్ని రోజుల ఎడం వచ్చిందో కూడా ఒక పుస్తకంలో రాసేదాన్ని: 4, 5, 4, 7, 11, 19. మొదట మాకు ధైర్యం ఇచ్చింది ఆ వరుసే. మీరూ ఈ రోజే ఒక పుస్తకం తెరవండి.